ఎర్రగచ్చు మీద తేలే నేల

మా అమ్మ కాలు తట్టుకుని పడిన చోటు మా హాలులో వేలుపెట్టి చూపగలను. కాని చూడటానికి యిప్పుడక్కడ యేమీ లేదు. దాని మీద వినైల్ పలకలు పరచి వున్నవి. నిరుడు ఆషాఢంలో తెల్లవారుజామున దీపం పెట్టటానికి లేచి వెళుతూ, గచ్చు బీటకు బొటనవేలు తగిలి బోర్లా పడింది. యెనభై దాటిన మనిషి. మణికట్టు విరిగింది. తుంటి యెముక విరగలేదు, అదే పదివేలు అన్నారు డాక్టరుగారు. కట్టు కట్టి పంపుతూ, "ముందు ఆ నేల సంగతి చూడండి" అని కూడా అన్నారు.

చూడటానికి పూనుకునేసరికి తెలిసింది, నేల సంగతి అంత సులువు కాదని. యీ యెనిమిది నెలల్లో నేను నేర్చుకున్నదీ, మధురలో మా అక్కగారింట్లో జరిగిన పొరపాటు వల్ల తెలిసివచ్చినదీ, పాత యిళ్ళలో కాపురముంటున్న మన సంఘ కుటుంబాలకు పనికివస్తుందేమోనని వ్రాస్తున్నాను.

మా యిల్లు పీలమేడు దాపున మా తాతగారు 1950లలో కట్టించినది. పీలమేడు, పాపనాయకన్ పాళయం, సింగానల్లూరు - యివన్నీ ఒకప్పుడు కోయంబత్తూరు చుట్టూ వున్న వేరు వేరు వూళ్ళు. యిప్పుడు నగరంలో కలిసిపోయినవి. ఆనాటి మనవాళ్ళ యిళ్ళన్నీ యించుమించు ఒకే తీరు. వీధి తిన్నె, గడప దాటగానే హాలు, ఆ వెనక వంటిల్లు, ఆపైన దొడ్డి. హాలుకు ఎర్రగచ్చు. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి గానుగలో సున్నం తిప్పిన కాలం అప్పటికే వెనకబడింది, సిమెంటు వచ్చింది. ఆ సిమెంటులో ఎర్ర ఆక్సైడు కలిపి పైపూత పూసి, తాపీతో మెరుగు వచ్చేదాకా తోమి, ఆరిన తరువాత కొబ్బరినూనె పట్టించేవారు. అటుపైన యింటిల్లిపాదీ నడిచి నడిచి దానికి తెచ్చిన నునుపు ఏ దుకాణంలోనూ దొరకదు. యెండాకాలం మధ్యాహ్నాలు మేము చాప కూడా లేకుండా దానిమీదనే పడుకునేవాళ్ళం.

మరి బీట యెందుకు వచ్చిందంటే, తప్పు గచ్చుది కాదు, కింద వున్న మట్టిది. కోయంబత్తూరు పక్కల చాలాచోట్ల నల్లరేగడి. పత్తికి అది తల్లి వంటిది. ఆ పత్తిని చూసే 1888లో స్టేన్స్ దొరవారు యిక్కడ నూలుమిల్లు పెట్టారు. ఆ తరువాత మనవాళ్ళూ వరసగా మిల్లులు పెట్టారు. కాని యింటికి మాత్రం రేగడి మంచి నేస్తం కాదు. వానకు వుబ్బుతుంది, యెండకు ముడుచుకుంటుంది. అరవై డెబ్బై ఏళ్ళు అలా వూపిరి తీస్తూ విడుస్తూ వుంటే పైనున్న గచ్చు యెన్నాళ్ళు ఓర్చుకుంటుంది? మా హాలులో బీట వాయవ్యపు మూల నుంచి నడిమికి వచ్చింది. ఒక పక్క అంచు రెండో పక్క కంటె పావు అంగుళం పైకి లేచింది. మేస్త్రిని పిలిచి రెండుమార్లు పూత వేయించాం. రెండుమార్లూ వూడి వచ్చింది, రంగు కూడా కలవలేదు.

అందరూ చెప్పిన సలహా ఒక్కటే: పగలగొట్టి టైల్సు వేయండి. రెండు వారాల పని. చేతికి కట్టుతో వున్న అమ్మను ఆ రెండు వారాలు యెక్కడ వుంచటం? పాత గచ్చు తీయకుండా టైల్సు వేద్దామంటే, కింద కంకర, సిమెంటు, పైన టైలు కలిపి అంగుళంన్నర లేస్తుంది. గడప గడపలా వుండదు, తలుపులన్నీ కోయాలి. పైగా మెరిసే టైలు మీద నీటిచుక్క పడితే కుర్రవాళ్ళే జారుతారు.

యింకొక సంగతి కూడా మనసులో మెదిలింది. మధుర వెళ్ళినవారందరూ తిరుమల నాయకుని మహలు చూసేవుంటారు. 1636లో ఆయన కట్టించినది. యిప్పుడు మనం చూసే భాగం మొదటి మహలులో కొద్దిపాటిదే. తక్కినదంతా యేమైందంటే, ఆయన మనవడు చొక్కనాథ నాయకుడే తిరుచిరాపల్లిలో తన భవనానికి సామాను కావాలని వూడదీయించి తీసుకుపోయాడు. మిగిలినది శిథిలమవుతుంటే 1866 తరువాత మద్రాసు గవర్నరు నేపియరు ప్రభువు బాగుచేయించాడు. తాత కట్టించినదాన్ని మనవడు పడగొట్టించటం మన తెలుగువాళ్ళకు కొత్త కాదన్నమాట. గడ్డపార పట్టుకుని మనిషి గుమ్మంలో నిలబడినప్పుడు నాకు యీ కథ గుర్తుకువచ్చి, రేపు రమ్మని పంపేశాను.

అప్పుడు మా అబ్బాయి చెప్పాడు, తేలే నేల అని ఒకటి వుందని. నేను నవ్వాను. ఎందుకంటే అంతకు ముందే మధురలో మా అక్కగారింట్లో అదే వేయించారు, అదే పాడైంది కూడా. కాని పాడైంది ఆ వస్తువు వల్ల కాదని తరువాత తెలిసింది.

తేలే నేల అంటే నీళ్ళ మీద తేలేది కాదు. పలకలను కింది గచ్చుకు జిగురుతో అతకరు, మేకులు కొట్టరు. ఒక్కొక్క పలకకు ఒక అంచున నాలుక, యెదుటి అంచున గాడి వుంటవి. నాలుకను గాడిలోకి వాలుగా దూర్చి కిందికి అదిమితే టక్కున పట్టుకుంటుంది. అలా ఒకదాన్నొకటి పట్టుకుని గది అంతా ఒకే చాప మాదిరి అయి, పాత నేల మీద వూరకే పడివుంటుంది. కావాలంటే చాప చుట్టినట్లు మళ్ళీ తీసివేయవచ్చు. కింద గచ్చు కిందనే వుంటుంది. జిగురు లేకుండా యిలా పలకలను కొరికించే ఉపాయం 1990లలో స్వీడన్, బెల్జియం దేశాలలో చెక్కపొట్టు పలకల కోసం పుట్టింది. తరువాత వినైల్‌కు పాకింది. వినైల్ మనకు కొత్త కాదు. నీటి గొట్టాలకు వాడే పి.వి.సి.యే అది. యిప్పటి గట్టి పలకలలో ఆ పి.వి.సి.కి సున్నపురాతి పొడి విస్తారంగా కలిపి దిమ్మ చేసి, పైన చెక్క బొమ్మ అచ్చువేసిన పొర, దాని మీద అరుగుదలకు ఆగే పారదర్శకమైన పొర అంటిస్తారు. వాటిని ఎస్.పి.సి. పలకలంటారు. చెక్క కాదు గనుక చెదలు తినవు, నీళ్ళకు వుబ్బవు. మందం నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు. కొనేటప్పుడు మొత్తం మందం కంటె పైనున్న అరుగుదల పొర యెంతో అడగండి. యిళ్ళకు 0.3 మిల్లీమీటరు చాలు, జనసంచారం యెక్కువైతే 0.5 మంచిది. చాలామంది రంగు చూసి కొంటారు, పొర సంగతి అడగనే అడగరు.

యిక మధుర సంగతి. అక్కగారి యిల్లు పాత వీధిలో యెనభై ఏళ్ళనాటిది. కార్తికమాసంలో, వానలు యింకా వెనుదీయకముందే, దుకాణం వారి మనుషులు వచ్చి ఒక్క పూటలో రెండు గదులు పరచి వెళ్ళిపోయారు. బండిలోనుంచి దించిన పలకలు దించినట్లే వేశారు. గోడకు గోడ ఆనించి బిగించారు. రెండు గదుల మధ్య తలుపు లేని ద్వారం గుండా ఆపకుండా వేసుకుపోయారు. చూడటానికి బ్రహ్మాండంగా వుంది. చైత్రం వచ్చింది. మధుర యెండలు మీకు తెలియనివి కావు, నలభై డిగ్రీలు దాటుతుంది. పడమటి కిటికీ దగ్గర నేల పందిరిలా పైకి లేచింది. మా బావగారు దాని మీద కాలుపెట్టి అదిమితే యింకొకచోట లేచింది. నాలుగు నాలుకలు విరిగినవి. దుకాణానికి వెళితే, మీ యిల్లు పాతది, మేమేం చేస్తాం అన్నారట. తీసి చూస్తే పలకల అడుగున నల్లగా బూజు, గచ్చు మీద తెల్లగా వుప్పు పూత. గది అంతా ముక్కవాసన.

అందులో తప్పులు రెండు. రెండూ వేరు వేరు. పైకి లేవటానికి కారణం చోటు లేకపోవటం. ప్లాస్టిక్ యెండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పదహారడుగుల గదిలో ఆ సాగటం కొద్ది మిల్లీమీటర్లే. కాని ఆ కొద్దిపాటికి పోవటానికి చోటు లేకపోతే పైకి లేవక యేం చేస్తుంది? అందుకే నాలుగు గోడల వెంట ఆరు నుంచి పది మిల్లీమీటర్ల సందు వదలాలి. ఆ సందును స్కర్టింగు పట్టీ కప్పుతుంది. ఆ పట్టీని గోడకు కొట్టాలి గాని పలకకు కొట్టరాదు.

రెండో తప్పు తడి. పాత యిళ్ళలో నేల కింద ప్లాస్టిక్ కాగితం పరచే ఆచారం లేదు. మట్టి, యిసుక, యిటుక ముక్కలు, ఆపైన గచ్చు. భూమిలోని చెమ్మ దానిగుండా పైకి వచ్చి గాలికి ఆరిపోతూ వుంటుంది. మనకు తెలియను కూడా తెలియదు. దాని మీద ప్లాస్టిక్ మూత పెడితే ఆ చెమ్మ యెటు పోవాలి? కింద నిలిచి బూజు పట్టిస్తుంది, లేదా గోడలెక్కుతుంది. పలకకు నీళ్ళు తగిలితే ఏమీ కాదన్న మాట నిజమే. కింద నిలిచిన చెమ్మ వల్ల మనుషులకు ఏమీ కాదని ఎవరూ అనలేదు గదా.

దీనికి పరీక్ష పైసా ఖర్చు లేనిది. రెండడుగుల చదరపు పాలిథిన్ కాగితం గచ్చు మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, రెండు రోజులు కదపకుండా వుంచండి. తీసి చూసినప్పుడు కాగితం అడుగున నీటిబొట్లు కనిపించినా, ఆ చదరం మేర గచ్చు రంగు ముదిరినా తడి వున్నట్లే. గది నడిమిన ఒకటి, స్నానాల గదికి ఆనుకున్న గోడ దగ్గర ఒకటి తప్పక పెట్టండి. యీ పరీక్ష వానాకాలం చివర పెడితే నిజం చెబుతుంది. మేము మార్గశిరంలో ఒకసారి, పని మొదలుపెట్టే ముందు మార్చిలో ఒకసారి పెట్టాం. రెండుసార్లూ పొడిగానే వుంది. పొడిగా లేకపోతే ఆ పని మానుకునేవాళ్ళం.

పని మేమే చేశాం. నేను, మా అబ్బాయి, మా వీధి వడ్రంగి. రెండు రోజులు పట్టింది. దానికి ముందు పలకల పెట్టెలు తెచ్చి హాలులోనే రెండు రోజులు పడుకోబెట్టాం, గది వేడికి అలవాటుపడాలని. నేల సమంగా వుందో లేదో రసమట్టంతోనూ, పదడుగుల సూటి బద్దతోనూ చూశాం. రసమట్టం అనే మాట మన భాషలోనూ తమిళంలోనూ ఒకటే గనుక మేస్త్రితో ఆ ఒక్క మాటకు మాత్రం తగవు రాలేదు. పదడుగుల మేరలో అయిదు మిల్లీమీటర్ల వరకు యెగుడుదిగుడు వున్నా ఫరవాలేదు. అంతకు మించితే అడుగు పడినప్పుడల్లా పలక వూగి నాలుక విరుగుతుంది. మా బీట దగ్గర లేచిన అంచును రాపిడి యంత్రంతో అరగదీసి, పల్లంగా వున్న వైపు సమం చేసే పలుచని సిమెంటు మిశ్రమం పోశాం. అక్కడ అడుగు వెడల్పు మేర తాతగారి ఎరుపు పోయింది. అది నేను ఒప్పుకోవలసిందే. తక్కిన హాలంతా చెక్కుచెదరకుండా కింద వుంది. సన్నని బీటలను పూడ్చి వదిలేశాం. అతకని నేల గనుక కింద వెంట్రుకవాసి కదిలినా పైకి తెలియదు. మేము టైల్సు మాని దీన్ని యెంచుకోవటానికి అదొక కారణం. బీట యేటేటా పెరుగుతున్న యిల్లయితే మాత్రం ముందు పునాది చూపించుకోవాలి. పైన ఏమి పరచినా కప్పిపుచ్చటమే అవుతుంది.

లెక్క యిది. హాలు పొడవు 16 అడుగులు, వెడల్పు 12 అడుగుల 2 అంగుళాలు, దాదాపు 195 చదరపు అడుగులు. కోతల్లో పోయేది నూటికి పది చొప్పున కలిపితే 214. పెట్టెకు 20 చదరపు అడుగులు గనుక 11 పెట్టెలు. పలక వెడల్పు 6 అంగుళాలు. యిక్కడ చాలామంది తొందరపడతారు. మొదటి వరస పూర్తి పలకతో మొదలుపెడితే 24 వరసలు పోయి చివరి గోడ దగ్గర అంగుళంన్నర కూడా లేని చీలిక మిగులుతుంది. అంత సన్నది పట్టు నిలవదు. అందుకని మొదటి వరసనే నిలువునా కోసి మూడు అంగుళాల ముప్పాతికకు తగ్గించాం. నడుమ 23 నిండు వరసలు వచ్చి, చివరి వరస కూడా అంతే వెడల్పు వచ్చింది. పాత గోడ సూటిగా వుండదు గనుక మొదటి వరసను గోడను చూసి కాక, నూలు దారం లాగి దాన్ని చూసి పెట్టాం. గోడ వంకర అంతా స్కర్టింగు కింద దాగిపోయింది.

అటుపైన పని పిల్లలాట. కట్టర్ కత్తితో పైన గీత గట్టిగా గీసి, పలకను వంచితే పుటుక్కున విరుగుతుంది, రంపం అక్కరలేదు. గోడ వెంట 8 మిల్లీమీటర్ల చెక్క చీలలు నిలబెట్టి సందు తప్పకుండా చూసుకున్నాం. పక్క పక్క వరసల అతుకులు ఒకే గీతలో రాకుండా కనీసం యెనిమిది అంగుళాలు జరపాలి. పొడుగు వైపు వాలుగా దూర్చి అదమాలి. చివరలు కలవటానికి చెక్కదిమ్మ ఆనించి దాని మీద రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. మా అబ్బాయి ఒక పలకను నేరుగా సుత్తితో కొట్టాడు. నాలుక నలిగిపోయింది, దాన్ని పారవేశాం. మా పలకల అడుగున నురుగు పొర కంపెనీవారే అంటించి యిచ్చారు. అటువంటప్పుడు కింద యింకొక నురుగు పొర వేయరాదు. మెత్తన యెక్కువైతే అతుకులు నిలవవు.

గడపను మేము ముట్టుకోలేదు. పసుపు రాసి బొట్లు పెట్టే టేకు గడపను ప్లాస్టిక్ కింద దాచటానికి మనసొప్పదు. అంతేగాక గడప దగ్గర నేల ఆగిపోవటం యీ పద్ధతికి మంచిది కూడా. ఏ గదికి ఆ గది విడిగా సాగుతుంది, ముడుచుకుంటుంది. మన పెద్దలు ప్రతి ద్వారానికి గడప పెట్టినది యీ వినైల్ కోసం కాదు గాని, యిప్పుడు భలే కలిసివచ్చింది. ఒక్క తలుపు అడుగున మాత్రం చిత్రిక పట్టవలసి వచ్చింది.

పూజగదిలో వేయలేదు. హారతి కర్పూరమో, అగరువత్తి నుసో పడితే వినైల్ మీద మచ్చ పోదు. ఆ కాలిన పొగ కూడా మంచిది కాదు. వంటింట్లోనూ వేయలేదు. కోయంబత్తూరు వాళ్ళ వంటిల్లు అంటే గ్రైండరు, దాని చుట్టూ నీళ్ళు. బరువైన బీరువాను హాలు ఒక చివరనే వుంచాం. రెండు చివరలా బరువు పెట్టి అదిమితే నేల సాగటానికి వీలుండదు. పడమటి కిటికీకి తెర కట్టాం. రబ్బరు అడుగున్న కాలిపట్టాలు వేయకండి, పలక మీద పసుపుపచ్చని మరక పడుతుంది, అది పోదు. మేము భవానీ జంబుఖానా పరచాం. కారైకుడి దాపున ఆత్తంగుడిలో గాజుపలక మీద పోసి చేసే రంగుల సిమెంటు టైల్సు మీ యింట్లో వుంటే, దయచేసి దేనితోనూ కప్పకండి. మధురలో అటువంటి నేలను ఒకచోట కప్పుతుంటే చూసి నేను మాట్లాడకుండా రాలేకపోయాను, నాకు సంబంధం లేకపోయినా.

అమ్మకు నచ్చిందా అని అడుగుతారు. మొదటి శుక్రవారం బిందె పట్టుకుని నిలబడింది. నీళ్ళు పోసి కడగకూడదమ్మా, తడిగుడ్డతో తుడవాలి, పోసిన నీళ్ళు అతుకుల గుండా కిందికి దిగి అక్కడే నిలుస్తవి అన్నాను. "కడగని యిల్లేమి యిల్లురా?" అంది. వంటిల్లు, పూజగది, తిన్నె నీకే వదిలాం గదా అన్నాను. బిందె అటు తీసుకుపోయింది గాని మాట్లాడలేదు. రెండో ఫిర్యాదు చల్లదనం. చైత్రం యెండలో ఎర్రగచ్చు యిచ్చిన చలవ యిది యివ్వదు, అది నిజం. చలికాలంలో మోకాళ్ళకు మేలంటున్నారు, ధనుర్మాసం వస్తే చూడాలి. మూడోది చప్పుడు. మడమ ఆనించి నడిస్తే అక్కడక్కడ డొల్లగా పలుకుతుంది. సంక్రాంతికి హాలు నడిమిన తడిపిండి ముగ్గు పెట్టే అలవాటు కూడా వుంది ఆమెకు. యీసారి యెక్కడ పెట్టాలో యింకా తేలలేదు. కాని తెల్లవారుజామున దీపం పెట్టటానికి వెళ్ళేటప్పుడు యిదివరకటిలా గోడ పట్టుకుని నడవటం లేదు. అది నేను పడకమీద నుంచే చూస్తూ వుంటాను.

మిగిలిన ఆరు పలకలు అటక మీద పెట్టాం. పెట్టె మీద అచ్చువేసిన రంగు నంబరు చించి గోడ అలమరలో దాచాను. ఆ రంగు మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

మధురలో అక్క పాత పలకలన్నీ తీయించి, గచ్చును రెండు నెలలుగా గాలికి ఆరబెడుతోంది. స్నానాల గది గొట్టం కారుతున్నదని కూడా అప్పుడే తెలిసింది, దాన్ని మార్పించింది. పోయినవారం నాలుగు మూలలా పాలిథిన్ కాగితాలు అంటించి ఫోను చేసింది. మూడు పొడిగా వున్నవట. స్నానాల గోడ పక్కది మాత్రం యింకా చెమర్చింది. బావగారికి తొందరగా వుంది, యీ నెలలోనే పరచేద్దామంటున్నారు. "నాలుగోది ఆరేదాకా ఒక్క పలక కూడా లోపలికి రానివ్వను, నువ్వే వచ్చి మీ బావకు చెప్పరా" అంది అక్క. వచ్చే ఆదివారం వెళుతున్నాను, రసమట్టం తీసుకుని.